పద సంరక్షిత ప్రాంతం

మూడుగెడ్డలవలసకి రోడ్డొచ్చేసింది. అంటే రోడ్డు రాలేదు, కంకరొచ్చింది. తారురోడ్డు నుంచి ఊరికి తిరిగే మలుపులో ఆరు కుప్పలు పోసి, పక్కనే ఒక పాత రోలరుని తెచ్చి నిలబెట్టారు. సర్పంచి దమయంతి ఆ రోజు ఊడ్పు పని మానుకుని, రెండున్నర కిలోమీటర్లు బురదలో నడిచి వెళ్లి, రోలరు చుట్టూ ఒకసారి తిరిగి, దాని ఇనప చక్రం మీద చెయ్యి వేసి చూసుకుంది. పదకొండేళ్లు కాళ్లరిగేలా తిరిగిన మనిషి మరి! మొదట వార్డు మెంబరుగా తిరిగింది, తర్వాత సర్పంచిగా తిరిగింది. ఆ మధ్యలో నలుగురు కలెక్టర్లు బదిలీ అయ్యారు, అర్జీలు మాత్రం అదే బీరువాలో ఉన్నాయి.

ఆ ఊరికీ తారురోడ్డుకీ మధ్య ఉన్నదాన్ని దారి అనడానికి వీల్లేదు. అడ్డంగా మూడు గెడ్డలు, అంటే వాగులు. ఎనిమిది నెలలు బురద, నాలుగు నెలలు ఆ బురద ఎండి గట్టిపడిన గుంటలు. ఎడ్లబండి దిగితే చక్రం ఇరుసుదాకా కూరుకుపోతుంది. అందుకని ఆ ఊరివాళ్లు తాతల కాలం నుంచీ చక్రాల్లేని బండి వాడుతున్నారు. ముందు కొసలు పైకి వంగిన రెండు మద్ది దుంగలు, వాటి మీద అడ్డంగా బిగించిన పలకలు, లాగడానికి ఒక మోకు. ఎడ్లుంటే ఎడ్లు లాగుతాయి, లేకపోతే మనుషులు లాగుతారు. అది బురద మీద జారుకుంటూ పోతుంది. రేషను బియ్యం దాని మీదే, ఎరువు బస్తాలు దాని మీదే, పాము కరిచినవాళ్లూ నొప్పులొచ్చినవాళ్లూ దాని మీదే. దాన్ని ఊరంతా 'సెక్క' అంటుంది. అంతకన్నా మంచి పేరు ఆలోచించే తీరిక ఎవరికీ లేకపోయింది.

తీరికున్నవాళ్లు రాజధానిలో ఉన్నారు. ఆ ఏడాది వాళ్లకి మాండలిక పదాల మీద ప్రేమ పుట్టింది. పుట్టిన ప్రేమని ఊరికే వదలకుండా దానికొక మండలి పెట్టారు, మండలికొక భవనం కట్టారు, భవనానికి లిఫ్టు పెట్టారు. దాని పేరు మాండలిక పదజాల పరిరక్షణ మండలి. మండలి సంచాలకులు డాక్టర్ భుజంగరావుగారు స్వయంగా పదాల వేటకి బయలుదేరారు. కంకర వచ్చిన వారానికే ఆయన జీపు ఆ కుప్పల పక్కన ఆగింది. అక్కణ్నుంచి ఊళ్లోకి ఆయన చెక్క మీదే వచ్చారు. ఆరుగురు లాగారు. ఆయన గొడుగు పట్టుకుని కూర్చుని, దారి పొడుగునా "అద్భుతం, అద్భుతం" అంటూనే ఉన్నారు.

రామాలయం అరుగు మీద ఊరందరినీ కూర్చోబెట్టి, "ఈ దారువాహనాన్ని మీరేమని వ్యవహరిస్తారు?" అని అడిగారు.

జనం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. పంచాయతీ సెక్రటరీ లోకనాథం కలగజేసుకుని, "దీన్నేటంతారని అడుగుతున్నార్రా" అన్నాడు.

"సెక్క, బావూ" అన్నారు అందరూ.

భుజంగరావుగారి మొహం చిన్నబోయింది. "చెక్క అంటే రాష్ట్రమంతా చెక్కే కదమ్మా! నిన్న కొండవతల ఊళ్లో దీన్నే జారుడుబల్ల అన్నారు. మొన్న ఏటి పక్కన ఈడుపుపీట అన్నారు. ఆ ముందు రోజు ఒకాయన లాగుడుమాను అన్నాడు, ఎంత చక్కగా ఉంది! ఊరికొక పదం చొప్పున మాకు లక్ష్యం ఉంది. మీరు చెక్క అని ఊరుకుంటే మీ ఊరి గడి ఖాళీగా పోతుంది."

వచ్చినవాళ్లని ఉత్త చేతులతో పంపడం ఆ ఊళ్లో లేదు. కాలాన్ని బట్టి జీడిపిక్కలో, పనసకాయో, ఏమీ లేకపోతే కనీసం ఒక ఆనపకాయో చేతిలో పెట్టి పంపుతారు. ఇప్పుడీ పెద్దమనిషి ఇంత దూరం బురదలో వచ్చి అడిగిందల్లా ఒక మాట. అది కూడా లేదని పంపితే ఊరికి తలవంపులు. ఊళ్లో చెక్కలన్నీ చేసేది డెబ్భై ఏళ్ల వడ్రంగి అసిరయ్య గనక అందరి చూపులూ అతని మీద పడ్డాయి.

అసిరయ్య తువ్వాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "నానైతే తవిటి అంతాను బావూ" అన్నాడు.

అరుగు మీద చప్పుడు ఆగిపోయింది. దమయంతి తల వంచుకుని గోరు గిల్లుకుంది. భుజంగరావుగారు మాత్రం ఎగిరి గంతేసినంత పని చేశారు. "తవిటి! తవిటి! ఎక్కడా నమోదు కాలేదు!" అంటూ మూడుసార్లు రాసుకున్నారు.

ఎక్కడ నమోదవుతుంది? తవిటి అసిరయ్య పెళ్లాం. పూర్తి పేరు తవిటమ్మ. ఆ వైపు ఇళ్లలో ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, తర్వాత పుట్టిన బిడ్డని చేటలో పెట్టి పొరుగువాళ్లకి ఇంత తవుడికి అమ్మేసి, మళ్లీ కొనుక్కుంటారు. ఇది మనది కాదు, తవుడికి కొన్న సరుకు అని చెప్పి చావు కళ్లు కప్పడానికి పెట్టుకునే పేరు అది. పదకొండేళ్ల కిందట ఒక మిట్టమధ్యాహ్నం తవిటమ్మకి కడుపులో నొప్పొచ్చింది. ఈ చెక్క మీదే పడుకోబెట్టి నలుగురు లాక్కుపోయారు. ఆ నలుగురిలో దమయంతి ఒకతె. తవిటమ్మ వరసకి ఆమెకి అత్త. రెండో గెడ్డ నడుమకి వచ్చేసరికి నీళ్లు మోకాళ్లు దాటాయి, చెక్క మీద మనిషి మూలగడం మానేసింది. ఆ చెక్కని పొయ్యిలో పెట్టెయ్యమని అందరూ చెప్పినా అసిరయ్య వినలేదు. శుభ్రంగా కడిగి, చిత్రిక పట్టి, దాన్నే వాడుకుంటున్నాడు. మోకు భుజాన వేసుకుని "తవిటీ, పద" అంటేగాని కదలడు. ఊరు విని విననట్టు ఊరుకుంటుంది. దమయంతి రోడ్డు కోసం మొదటి అర్జీ పెట్టింది ఆ చావు జరిగిన వారానికే.

పదిహేను రోజులు తిరిగేసరికి రోలరు వెళ్లిపోయింది. కంకర కుప్పల మీద ఒక నీలం బోర్డు వెలిసింది. 'పద సంరక్షిత ప్రాంతం. ఇచట రోడ్డు వేయుట నిషిద్ధం.' వెనకే లోకనాథం ఒక కాగితం పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. దమయంతి ఇంటి గుమ్మంలో నిలబడి గట్టిగా చదివాడు.

"'పై సూచికలయందు ఉదహరించిన ఉత్తర్వులననుసరించి తెలియజేయునదేమనగా, తమ గ్రామమందు ఒకే ఒక వ్యవహర్త నోట సజీవముగానున్న తవిటి అను పదము అత్యంత ప్రమాదస్థితిలోనున్న పదముల జాబితాలో చేర్చబడినది. పదము బ్రతుకవలెనన్న వస్తువు బ్రతుకవలెను. వస్తువు బ్రతుకవలెనన్న దాని అవసరము బ్రతుకవలెను. మార్గము ఏర్పడిన యెడల సదరు అవసరము నశించును గనుక, రోడ్డు పనులు తక్షణము నిలుపుదల చేయవలసినదిగా...'"

"అంటే ఏటి?" అంది దమయంతి.

"బురద ఉండాలంట" అన్నాడు లోకనాథం.

దమయంతి మర్నాడే రాజధాని బస్సెక్కింది. భుజంగరావుగారి గదిలో ఏసీ హోరున కొడుతోంది. గోడ మీద అసిరయ్య చెక్క ఫొటో ఇంత పెద్దది కట్టించి పెట్టారు. ఆయన ఆమెని ఎంతో గౌరవంగా కూర్చోబెట్టి బాదంపాలు తెప్పించారు.

"సార్, అది మీరనుకునే పదం కాదు సార్" అంది దమయంతి. "మనిషి. మా అసిరి మావ పెళ్లాం పేరు. పాపం, సచ్చిపోయింది. ఆ సెక్క మీదే పోనాది. అందుకని ఆ ముసలాడు దాన్నలా పిలుచుకుంతాడు. మాకెవలికీ అది మాట కాదు సార్."

భుజంగరావుగారు చిరునవ్వు నవ్వారు. "అమ్మా, పదాలు పుట్టిన చోట ఉన్నవాళ్లకి వాటి విలువ తెలియదు. దీనికి మేం వ్యుత్పత్తి సాధించాం."

"ఏటి సాధించారు?"

"వ్యుత్పత్తి. అంటే పదం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడం. సంస్కృతంలో త్వరితము అంటే వేగంగా పోయేది. త్వరితము, తరితము, తవితము, తవిటి. ఇది ఒకప్పుడు శీఘ్రవాహనం అన్నమాట!"

రెండున్నర కిలోమీటర్లకి రెండున్నర గంటలు పట్టే శీఘ్రవాహనం అది! దమయంతి బాదంపాల గ్లాసు పక్కకి జరిపింది. "మరి మా అత్త పేరు సార్?"

"అదే చెబుతున్నాను! వాహనం పేరు ఆడపిల్లలకి పెట్టుకునేంత ప్రాచీనమన్నమాట ఈ పదం. మంచి ఆధారం ఇచ్చారు" అని ఆయన రాసుకున్నారు. "ఇప్పుడు మీరే చెప్పండి. రోడ్డు పడితే ఆ వాహనాన్ని ఎవరైనా వాడతారా?"

"ఎందుకు వాడతారు సార్, కర్మా!"

"వాడకపోతే పదం?"

"పోద్ది."

"విన్నారుగా!" అన్నారాయన పక్కనున్న గుమాస్తాతో. "రోడ్డు వల్ల పదం పోతుందని సర్పంచిగారే ఒప్పుకున్నారు. రాసుకోండి."

"అంటే సార్, ఆ బురదలో మా మనుషులు సచ్చిపోయినా పర్లేదా?" అని దమయంతి లేచి నిలబడింది.

"మనుషులు ఎప్పుడూ పోతూనే ఉంటారమ్మా, మళ్లీ పుడుతూనే ఉంటారు. పదం అలా కాదు, పోతే మళ్లీ పుట్టదు" అన్నారు భుజంగరావుగారు. అంటూంటే ఆయన కళ్లు చెమర్చాయి. ఎంత సున్నితమైన మనసు!

ఆ మనసుతోనే మండలి వరసగా ఉత్తర్వులు పంపడం మొదలుపెట్టింది. పరిశీలకుడని ఒకణ్ని ఊళ్లో దింపింది. అతని పేరు వంశీధర్. మెడలో రికార్డరు, చేతిలో రిజిస్టరు. కుటుంబానికి రోజుకి తొమ్మిదిసార్లకి తగ్గకుండా తవిటి అనాలని, అన్నప్పుడల్లా అతను గీత గీసుకోవాలని నియమం. పొయ్యి దగ్గరున్న ఆడవాళ్లు కూర కలుపుతూ "తవిటి, తవిటి, తవిటి" అని తొమ్మిదీ ఒకేసారి అనేసి చేతులు దులుపుకునేవారు. ఆ మాట వినపడినప్పుడల్లా అసిరయ్య ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూసేవాడు. కొన్నాళ్లకి చూడడం మానేశాడు.

తర్వాత ఉత్తర్వులో సైకిళ్లు నిషేధించారు. అవి చక్రాలు గలవి. ఆ తర్వాత గెడ్డ మీద ఊరివాళ్లు వేసుకున్న తాటిదుంగల వంతెన తీసేయించారు. అది 'పరోక్షముగా ఉపకరణమునకు పోటీ'. వేసవి వచ్చి బురద ఎండిపోయేసరికి మండలి గుండెలు బాదుకుంది. బురద లేకపోతే చెక్క జారదు, చెక్క జారకపోతే మాట జారుతుంది! వెంటనే దారి తడపడానికి రోజుకో నీళ్ల ట్యాంకరు మంజూరు చేసింది. తాగడానికి ట్యాంకరు పంపమని ఆరేళ్లుగా అడుగుతున్న ఊరు అది. ఇంకేం, ట్యాంకరు వచ్చింది. కానీ రోడ్డు లేదుగా, మలుపు దగ్గరే ఆగిపోయింది. అప్పుడు డ్రమ్ముల్లోకి నీళ్లు పట్టి, డ్రమ్ములు చెక్క మీద పెట్టి లాక్కొచ్చి, చెక్క నడవడానికి కావలసిన బురద తయారు చేశారు. దారిలో ఆడవాళ్లు ఒక్కో బిందె దించుకున్నారు. మండలి పుణ్యమా అని ఆ వేసవి దాహం తీరింది. అబద్ధం ఎందుకు ఆడాలి?

వానలు పడ్డాక, శ్రావణంలో, రవణ అనే పిల్లకి పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. తొలికాన్పు. అసిరయ్య చెక్క సిద్ధం చేశాడు, దమయంతి మోకు పట్టుకుంది. వంశీధర్ రిజిస్టరు పట్టుకుని అడ్డొచ్చాడు.

"బయలుదేరే ముందు ఉపకరణం పేరు స్పష్టంగా ఉచ్చరించాలండీ. ప్రయాణికురాలు కూడా."

"ప్రయాణికురాలు వాళ్లమ్మని పిలుస్తంది, వినబడతందా?" అని దమయంతి అరిచింది. "తప్పుకో! లేకపోతే నిన్నీ బురదలోనే పాతేత్తాను!"

వంశీధర్ తప్పుకున్నాడు గాని, పక్కనే నడుస్తూ రికార్డరు రవణ మొహం దగ్గర పెట్టాడు. రెండో గెడ్డ దగ్గరికి వచ్చేసరికి నీళ్లు మోకాళ్లు దాటాయి. దమయంతి చేతుల్లో మోకు చెమటకి జారిపోతోంది. అదే గెడ్డ. అదే నడుమ. ఆమె వెనక్కి తిరిగి చూడడానికి భయపడింది. అసిరయ్య మాత్రం చెక్క పక్కనే నీళ్లలో నడుస్తూ, పలక మీద చెయ్యి వేసి, "తవిటీ, ఈపాలి దాటించియ్యే, నీకు దండవెడతాను" అంటూనే ఉన్నాడు. దాటించింది. అవతలి గట్టు మీద, గొడుగుల చాటున, రవణకి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. దమయంతి గట్టు మీద చతికిలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

మండలి నుంచి నాలుగో రోజున అభ్యంతరం వచ్చింది. 'సదరు ప్రయాణమందు ఎక్కినవారు ఒకరు, దిగినవారు ఇద్దరు. తేడాకు సంజాయిషీ ఇవ్వవలెను.'

ఆ కాగితం చదివిన రోజునే దమయంతి పంచాయతీ ఆఫీసు తలుపు మూసి, "మండలి పంపిన కాగితాలన్నీ తియ్యి" అంది లోకనాథంతో. "ఎక్కడో ఓ దగ్గిర కంత ఉండకపోదు."

మధ్యాహ్నానికి కంత దొరికింది. పదమూడో నిబంధన. 'పదము వరుసగా తొంబది దినములు ఏ వ్యవహర్త నోటను వినబడకపోయిన యెడల, అది మృతి చెందినట్లు స్థానిక జనన మరణముల నమోదు అధికారి ధ్రువీకరించవచ్చును. తదుపరి సంరక్షణ రద్దగును.'

"ఆ నమోదు అధికారి ఎవలు?" అంది దమయంతి.

లోకనాథం కుర్చీలో సర్దుకున్నాడు. "నానే."

"మరింకేటి!"

"పద్నాలుగోది కూడా వినండి" అన్నాడు. "'మృతపదము తిరిగి ఎవరి నోటనైనను వినబడిన యెడల పునర్జీవించినట్లు భావించి, వేసిన రోడ్డు తవ్వి తీసివేయబడును.'"

ఊళ్లో తొమ్మిదిసార్ల మొక్కుబడి మానెయ్యమంటే జనం సంబరంగా మానేస్తారు. జుర్మానా వేసినా మానేస్తారు. కానీ ఆ మాట నిజంగా అనేవాడు ఒక్కడే ఉన్నాడు.

అసిరయ్య ఇంటి ముందు కూర్చుని బాడితకి పదును పెడుతున్నాడు. దమయంతి అతని ఎదురుగా నేల మీద కూర్చుంది. చెప్పవలసింది చెప్పడానికి నోరు రాక, "మావా, ఏటి తిన్నావు?" అంది.

"గంజి తాగినాను. నీకేటో పనుండి వొచ్చినావు. సెప్పు తల్లీ."

చెప్పింది. అసిరయ్య బాడిత పక్కన పెట్టేశాడు.

"తొంబై రోజులా?"

"కాదు మావా. ఇంకెప్పుడూ అనకూడదు" అంది దమయంతి. "నాకు సిగ్గుగా ఉంది మావా, నిన్నిలగ అడగడానికి. రవణని లాగిన రోజు ఎనక్కి తిరిగి సూడలేకపోనాను. నాకింక ఓపిక లేదు."

అసిరయ్య లేచి చూరు కిందికి వెళ్లి, ఒక ప్లాస్టిక్ సంచీ తెచ్చి విప్పాడు. అందులో అతని అర్జీలు ఉన్నాయి. తవిటమ్మ పోయినట్టు కాగితం ఇమ్మని పన్నెండేళ్లుగా పెట్టినవి. గెడ్డ రెండు మండలాలకి హద్దు. గెడ్డ మధ్యలో పోయిన మనిషి అటు పోయినట్టా ఇటు పోయినట్టా అని ఇటు ఆఫీసువాళ్లు అటు పంపారు, అటువాళ్లు ఇటు పంపారు. చివరి అర్జీ మీద లోకనాథం చేత్తోనే 'పరిధి తేలవలసియున్నది' అని రాసుంది. అంటే ప్రభుత్వం లెక్కలో తవిటమ్మ ఈనాటికీ చావలేదు. అలాగని బతికీ లేదు.

"ఈళ్లు దాన్ని సచ్చిందని రాయరు. నానేమో పిలుత్తానే ఉన్నాను" అన్నాడు అసిరయ్య. "మనిషిని నిలబెట్టీసినాం దారి మద్దిన, అందరం కలిసి." కాగితాలు మళ్లీ సంచీలో పెట్టి, "రోడ్డు ఏయించు తల్లీ. నాను మాటాడను" అన్నాడు.

తొంభై రోజుల లెక్క మొదలైంది. నియమం ప్రకారం వంశీధర్ రోజూ పొద్దున్నే అసిరయ్య ఇంటికి వచ్చి, రికార్డరు నొక్కి, చెక్కని చూపించి, "ఇదేమిటి?" అని అడగాలి. అసిరయ్య దాని వైపు చూడకుండా, "సెక్క, బావూ" అని చెప్పాలి. తొంభై పొద్దుటిపూటలు అతను అడిగాడు, ఇతను చెప్పాడు. ఎనభయ్యో రోజు దాటాక వంశీధర్‌కి కూడా అడగడం కష్టమైపోయి, "ఇదీ..." అని ఊరుకునేవాడు. అసిరయ్యే జాలిపడి, అడక్కుండానే చెప్పేసేవాడు.

తొంభై ఒకటో రోజున మండలికి కబురు వెళ్లింది. కాగితం మీద చచ్చిపోతే మండలి నమ్ముతుందో నమ్మదోనని దమయంతి పదానికి పెద్దకర్మ కూడా పెట్టించింది. విస్తళ్లు వేసి, గారెలు వండించి, ఊరందరినీ పిలిచింది. భుజంగరావుగారు నల్లబ్యాడ్జి పెట్టుకుని చెక్క మీద వచ్చారు. "తెలుగుతల్లి మెడలో ఒక ముత్యం రాలిపోయింది" అని ఇరవై నిమిషాలు ఉపన్యసించి, నాలుగు గారెలు తిన్నారు. తర్వాత లోకనాథం బల్ల మీద ఫారం పరిచాడు. పదాలకి వేరే ఫారం లేదు గనక మనుషులదే తెచ్చాడు.

"మృతుల పేరు?"

ఎవరూ నోరెత్తలేదు. ఆ మాట నోట వస్తే రోడ్డు పోతుంది. భుజంగరావుగారు గొంతు సవరించుకుని, "తవిటి" అన్నారు. "కంగారు పడకండి, సంచాలకులకి మినహాయింపు ఉంది."

"స్త్రీయా, పురుషుడా?"

"ఆడమనిషి" అన్నాడు అసిరయ్య, వెనక నుంచి.

"వాహనాన్ని స్త్రీగా భావించడం మన సంస్కృతి. రాయండి" అన్నారు భుజంగరావుగారు.

"వయసు?"

"వెయ్యేళ్లకి తక్కువుండదు."

"ఇక్కడ రెండు గళ్లే ఉన్నాయి సార్."

"యాభై రెండు" అన్నాడు అసిరయ్య.

"గళ్లకి సరిపోయింది. వేసెయ్యండి."

"మరణించిన స్థలం?"

"రెండో గెడ్డ మద్దిన" అన్నాడు అసిరయ్య.

లోకనాథం కలం ఆగిపోయింది. తలెత్తి అసిరయ్యని చూశాడు, దమయంతిని చూశాడు. అర్జీ మీద తన చేత్తో రాసిన రెండు ముక్కలు అతనికి గుర్తొచ్చాయి. "సార్, గెడ్డ రెండు మండలాల హద్దండి. పరిధి..." అని నసిగాడు.

భుజంగరావుగారు గడియారం చూసుకున్నారు. సాయంత్రం ఆయనకి ఇంకో పదం పుట్టినరోజు ఉంది. "ఏమిటయ్యా ఈ చాదస్తం? చచ్చినదానికి హద్దులేంటి? మీ పరిధే అని రాసి పారెయ్! మండలి తరఫున నేను సంతకం పెడతాను."

పన్నెండేళ్లు తేలని పరిధి పన్నెండు సెకన్లలో తేలిపోయింది. లోకనాథం రాశాడు.

"మరణానికి కారణం?"

"రోడ్డు వస్తుండటం వల్ల" అన్నారు భుజంగరావుగారు.

"రోడ్డు లేక" అన్నాడు అసిరయ్య.

లోకనాథం ఏదో రాసి, చేతి కింద కప్పేశాడు. సంచాలకులు చూడకుండానే సంతకం చేశారు. సంతకాలు చూసి చెయ్యడం ఆయన హోదాకి తగదు. ముద్ర పడింది. రేపటి నుంచి రోలరు పని మొదలుపెట్టవచ్చునని ఆయన అక్కడికక్కడే ఉత్తర్వు కూడా ఇచ్చారు. జనం ఈలలు వేశారు. దమయంతి స్తంభానికి ఆనుకుని కళ్లు మూసుకుంది.

ఆయన లేవబోతూంటే అసిరయ్య బల్ల దగ్గరికి వచ్చి చేతులు కట్టుకున్నాడు. "బావూ, ఆ కాయితం నాకూ ఒకటి ఇప్పించండి" అన్నాడు లోకనాథంతో. "ఇంక నోటితో అనకూడదు కదా. కాయితం మీదైనా ఉంతాది."

లోకనాథం రెండో ప్రతి తీసి, నింపుకుంటూ వచ్చి, ఆఖరి గడి దగ్గర ఆగాడు. అందులో ఏముండాలో అతనికి తెలుసు. అయినా అడగడం నియమం. "మృతురాలితో సంబంధం?" అన్నాడు మెల్లిగా.

"మొగుణ్ని" అన్నాడు అసిరయ్య.

చెక్క వైపు నడుస్తున్న భుజంగరావుగారు ఆగి వెనక్కి తిరిగారు. "ఏమంటున్నాడాయన?"

"ఏం లేదు సార్" అంది దమయంతి. "వ్యుత్పత్తి సెప్తన్నాడు."

"అయితే రాసుకోవయ్యా!" అన్నారు భుజంగరావుగారు.

లోకనాథం అప్పటికే రాసేశాడు.